మాకు వచ్చిన మిత్తి

మా ఇంట్లో మిత్తి, అదే వడ్డీ, ఎప్పుడూ ఒక్క వైపే నడిచేది. లోపలి నుంచి బయటికి. బయటి నుంచి లోపలికి వచ్చిన మిత్తిని నేను పెళ్లయి, బొగ్గుబావుల ఊరికి కాపురానికి పోయి, అక్కడ మా ఆయన చెయ్యి నలిగిన తర్వాత గాని చూడలేదు. అది కూడా ఒక్కసారే.

మా బాపు సిరిసిల్లలో బట్ట నేసేవాడు. నూలు సావుకారిది, మగ్గం మాది, నడుం నొప్పి బాపుది. సావుకారి అప్పు ఇచ్చేటప్పుడే మొదటి నెల మిత్తి పట్టుకొని మిగిలింది చేతిలో పెట్టేవాడు. అంటే కళ్లతో చూడని రూపాయికి కూడా మేం బాకీ. నైజాం పోయాడు, ఆయన హాలీ సిక్కా రూపాయి పోయింది, హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. బాపు కట్టే మిత్తి మాత్రం ఎక్కడికీ పోలేదు. చివరికి ఒక ఏడాది పాత బాకీ కింద మగ్గాన్నే విప్పుకొని పోయారు. నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ అంతా చూశాను. మగ్గం కర్రలను బండిలోకి ఎక్కించే మనిషికి బాపు తాడు అందించాడు. దారిలో జారకుండా గట్టిగా కట్టుకోమని చెప్పాడు కూడా. ఆ రోజు నాకు సావుకారి మీద వచ్చిన కోపం కంటే బాపు మీద వచ్చిన కోపమే ఎక్కువ. తర్వాత ఆయన ఎవరి కార్ఖానాలోనో కూలికి సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాడు.

కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది. అవ్వ నన్ను పచ్చిమిరపకాయ అనేది. పెళ్లికొడుకు వాళ్లు చూడవచ్చిన రోజు, వాళ్లు పోయేదాకా నోరు తెరవనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒక్క పూట నేను మౌనంగా ఉన్నందుకే మా ఆయన మోసపోయాడు పాపం.

ఆయన గోదావరి అవతల, ఆదిలాబాదు జిల్లా వైపు, ఒక బొగ్గుబావిలో గుత్తేదారు కింద పనిచేసేవాడు. బావి లోపల పేల్చిన బొగ్గును తట్టలతో ఎత్తి, పట్టాల మీద నడిచే ఇనుప టబ్బుల్లో నింపాలి. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. టబ్బు నింపాక దానికి తన బిళ్ల తగిలిస్తాడు. టబ్బు పైకి వచ్చాక గుత్తేదారు మున్షీ ఆ బిళ్ల చూసి, పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా గీత గీస్తాడు. ఆ గుత్తేదారు దగ్గర ఇంకో హాజరీ లేదు. టబ్బు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. తర్వాత మాకు వచ్చిన తంటా అంతా ఈ పద్ధతి వల్లనే వచ్చింది.

మా ఆయనతో కలిసి నింపే జట్టు ఒకటి ఉండేది. అందులో పెద్దవాడు హుజూరాబాద్ దగ్గరి మనిషి. అందరూ పెద్దన్న అనేవాళ్లు, నేనూ అదే అనేదాన్ని. అందరికంటే చిన్నవాడిది బోథ్. మాటల మధ్య మరాఠీ కలుపుతూ నన్ను వదినా అనకుండా 'వహినీ' అనేవాడు. మిగతావాళ్లు తలా ఒక ఊరి నుంచి వచ్చినవాళ్లు. పండుగలు వేరు, కూరల్లో కారం వేరు. షిఫ్టు దిగి వస్తుంటే మాత్రం ఒకే తల్లి పిల్లల్లాగా నల్లగా ఉండేవాళ్లు. ఎవరు నా మొగుడో కళ్లు తెరిచి నవ్వితే గాని తెలిసేది కాదు.

దసరా ఇంకా కొద్ది రోజులు ఉందనగా, రెండు టబ్బులను కలిపి కొండీ తగిలిస్తుంటే వెనక టబ్బు జారింది. మా ఆయన కుడి చెయ్యి రెండింటి మధ్య పడింది. పెద్దన్న, మున్షీ కలిసి ఆయనను పైకి తెచ్చి, బండిలో ఆస్పత్రికి తీసుకుపోయారు. నేను పోయేసరికి మున్షీ చొక్కా అంతా మా ఆయన నెత్తురే. డాక్టరు వేళ్లన్నీ తీసేశాడు. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

ఇంటికి వచ్చాక అన్నం నేనే కలిపి తినిపించేదాన్ని. ఆయన రెండు ముద్దలు తిని చాలనేవాడు. తర్వాత తర్వాత ఎడమ చేత్తో తినడం మొదలుపెట్టాడు. ఎవరైనా ఇంటికి వస్తే కంచం పక్కకు జరిపి, ఆకలి లేదని అనేవాడు. చుట్టాల పెళ్లికి పోయినా పంక్తిలో కూర్చునేవాడు కాదు. ఎడమ చేత్తో తినేవాడి పక్కన ఎవరు కూర్చుంటారు? ఆయన చెయ్యి పోయిందని ఏడ్చినదాని కంటే, ఆయన గోడ వైపు తిరిగి తినడం చూసి ఏడ్చిందే ఎక్కువ.

ఆ దసరా తర్వాత మొదటి జీతాల రోజున పెద్దన్న వచ్చాడు. రుమాలు విప్పి డబ్బు నా ముందు పెట్టాడు.

"గిది తమ్ముని పగారం, బిడ్డా."

గుత్తేదారు జాలిపడి పంపాడని అనుకున్నాను. అంతే, నోరు లేచింది.

"చెయ్యి తీసుకొని పైసలు పంపుతుండా? జర సిగ్గుండాలె మనిషికి. తీస్కపోయి ఆయన మొఖాన కొట్టు పెద్దన్నా!"

పెద్దన్న నేల చూపులు చూశాడు. వెనక నిలబడ్డ బోథ్ తమ్ముడు ఆగలేకపోయాడు.

"గుత్తేదారు గాదు వహినీ. మేమే. రోజూ మా టబ్బులు అయినంక ఇంకో టబ్బు నింపి అన్న బిళ్ల తగిలిస్తున్నం. మున్షీ గూడ చూసి చూడనట్టు గీత గీస్తుండు."

తిట్టినందుకు పెద్దన్నకు దండం పెట్టాను. అది నాకు కొత్త. మా ఆయన లోపలి నుంచి వద్దు వద్దు అంటూనే ఉన్నాడు. "నీ బిళ్ల బావిల తిరుగుతుంటే నువ్వు బావిల ఉన్నట్టే తమ్మీ, ఊకో" అని పెద్దన్న చాయ్ కూడా తాగకుండా పోయాడు. అలా హోలీ దాకా నడిచింది. ఆ చలికాలమంతా మా పొయ్యి వాళ్ల రెక్కల మీదనే వెలిగింది. హోలీ తర్వాత మా ఆయన ఇక చాలని, తనే బావి దాకా నడిచిపోయి, బిళ్ల తీసి మున్షీ చేతిలో పెట్టి వచ్చాడు. స్టేషను దగ్గర చాయ్ దుకాణంలో పనికి కుదిరాడు. ఎడమ చేత్తో చాయ్ పోయడం తొందరగానే వచ్చింది. గిలాసలే కొన్ని పగిలాయి.

పని మీద చెయ్యి పోతే పరిహారం వస్తుందని మాకు చెప్పింది యూనియన్ ఆఫీసులో ఉండే ఒక పెద్దమనిషి. కాగితం ఆయనే రాశాడు. గుత్తేదారు మొదట ఆ మనిషి ఎవరో తెలియదన్నాడు. తర్వాత తెలుసు గాని చెయ్యి ఇంటి దగ్గర కట్టెలు కొడుతుంటే పోయిందన్నాడు. ఆస్పత్రి కాగితాలు, సాక్షులు అన్నీ అయ్యాక, ఇంకో దసరా కూడా దాటిపోయాక, చేసేది లేక కరీంనగర్‌లో పరిహారాలు తేల్చే అధికారి దగ్గర డబ్బు జమ కట్టాడు. అప్పుడు యూనియన్ పెద్దమనిషి అన్నాడు.

"ఇన్ని దినాలు ఆలస్యం చేసిండు గద. దానికి మిత్తి గూడ అడిగిన. చెయ్యి పోయిన దినం నుంచి లెక్క కట్టి ఇయ్యాలె."

"ఎవలు ఎవలకియ్యాలె?" అన్నాను.

"ఆయన మీకు."

నేను పకపకా నవ్వాను. యూనియన్ ఆఫీసులో ఉన్న వాళ్లంతా తిరిగి చూశారు. నవ్వు ఆగిన తర్వాత నుంచి నాకు ఆ మిత్తి తప్ప ఇంకో ధ్యాస లేదు. పరిహారం మా ఆయన పోయిన చేతికి కట్టిన వెల. మిత్తి అట్లా కాదు. ఒక డబ్బున్న మనిషి మా ఇంటికి బాకీ పడ్డాడని సర్కారు చెప్పే మాట అది. ఆ మిత్తి తీసుకుపోయి మా బాపు చేతిలో పెట్టాలి. మగ్గం కర్రలకు తాడు అందించిన చేతిలో. నేను కోరుకున్నది అంతే.

గుత్తేదారు వకీలు దానికి అడ్డం పడ్డాడు. బావి పుస్తకం తెచ్చి చూపించాడు. దసరా నుంచి హోలీ దాకా ఈ మనిషి బిళ్ల మీద టబ్బులు వస్తూనే ఉన్నాయి. చెయ్యి పోయిన సంగతి మా గుత్తేదారుకు ఎట్లా తెలుస్తుంది? పనిచేస్తున్నాడనే అనుకున్నాడు. హోలీ తర్వాత మనిషి బిళ్ల ఇచ్చి పోతే, మానేశాడనుకున్నాడు. తెలియని బాకీకి మిత్తి ఏమిటి అన్నాడు.

ఆ టబ్బులు జట్టువాళ్లు నింపారని చెబితే వకీలు మాట అక్కడికక్కడే పడిపోతుంది. చెయ్యి పోయిందని బావి అంతా తెలుసు కాబట్టే వాళ్లు ఆ పని చేశారు. కాని ఆ మాట చెబితే వాళ్లు దొంగ బిళ్ల తగిలించినట్టు, మున్షీ దొంగ గీత గీసినట్టు. అందరి పనీ పోతుంది.

విచారణకు ముందు ఐతారం నాడు జట్టు అంతా మా ఇంటికి వచ్చారు. పెద్దన్న గడప మీదే కూర్చున్నాడు.

"కరీంనగర్ల మేం చెప్తం తమ్మీ. టబ్బులు మేమే నింపినమంటం. ఉన్నదున్నట్టు చెప్తే నీ మిత్తి నీకొస్తది."

"చెప్తే మీ బిళ్లలు గుంజుకుంటరు. మున్షీని బర్తరఫ్ చేస్తరు. వద్దు" అన్నాడు మా ఆయన.

"ఆళ్లే చెప్తమంటుంటే నడుమ నీకేమైంది?" అన్నాను నేను.

"మిత్తి పోతే పోయె. నువ్వు పరేషాన్ గాకు."

"పోతే పోయెనా? మా బాపు ఇంట్ల నుంచి పోయింది చాలలేదా? ఇగ నీ ఇంట్ల నుంచి గూడ పోవాల్నా?"

ఆయన నా వైపు చూసి, జట్టుకు చాయ్ పోయడానికి లేచాడు. ఆయన పద్ధతి అది. నేను ఎంత గట్టిగా అరిస్తే ఆయన అంత మెల్లగా అయిపోయేవాడు. మనిషి జిద్దు పట్టాడంటే ఎద్దులు కట్టి లాగినా కదలడు. జట్టువాళ్లు లేచి పోయారు. ఆ పూట నేను వంట చేయలేదు. ఆయనే ఎడమ చేత్తో బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు. ఆ అన్నం పలుకుగా ఉందని కూడా తిట్టాను.

పెద్దపల్లి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. కరీంనగర్‌లో ఆ అధికారి కూర్చునే గది చిన్నది. పైన పంకా, కింద బల్ల. ఆయన ఆంధ్ర వైపు మనిషి, మాట నెమ్మది. ఒక పక్క వకీలు, ఆయన వెనక పుస్తకం పట్టుకొని మున్షీ. మా ఆయన నెత్తురు అంటిన చొక్కా మనిషి ఆయనే. మా వైపు చూడలేక కిటికీ బయటికి చూస్తున్నాడు. నేను గోడ పక్కన బల్ల మీద కూర్చున్నాను.

అధికారి పుస్తకం తిప్పి మా ఆయనను అడిగాడు.

"ఈ టబ్బులు ఎవరు నింపారు?"

"నేనే నింపిన సారూ."

"ఏ చేత్తో నింపావు?"

మా ఆయన ఎడమ చెయ్యి ఎత్తాడు. కుడి చెయ్యి తువ్వాల కింద ఉంది. వకీలు చిన్నగా నవ్వాడు. నా ఒళ్లు మండింది.

అప్పుడే తలుపు దగ్గర ఎవరో కదిలినట్టయి చూశాను. పెద్దన్న. వద్దన్నా వినకుండా ఇంకో బండి పట్టుకొని వచ్చాడు. ఉతికిన ధోవతి కట్టుకొని, రుమాలు చేతిలో నలుపుతూ, లోపలికి అడుగు పెట్టబోతున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఆయన ఆ ఒక్క మాట అంటే నాకు కావలసిన మిత్తి నాకు వస్తుంది. నేను ఊరికే కూర్చుంటే చాలు.

ఎందుకో మా బాపు బండి దగ్గర తాడు అందించడం కళ్ల ముందుకు వచ్చింది. ఈ మనిషి కూడా తన కూటి మూట తానే విప్పి ఇవ్వడానికి ఇంత దూరం వచ్చాడు. ఇంకొకసారి కూర్చుని చూడడం నా వల్ల కాలేదు.

నేను లేచి నిలబడ్డాను.

"సారూ, మా ఆయన జిద్దు మనిషి. అన్నం గూడ ఎడమ చేత్తోనే తింటుండు. నలుగురిల తినబుద్ధి గాక గోడ దిక్కు తిరిగి తింటడు. గా చెయ్యే ఇగ ఆయనకు కుడి చెయ్యి. బియ్యం కడుగుతడు, చాయ్ పోస్తడు. బొగ్గు గూడ నింపిండు. నేను జూసిన."

చివరి రెండు మాటలు అబద్ధం. ముందు చెప్పినవన్నీ నిజమే కాబట్టి ఇవి కూడా వాటి వెంటే వచ్చేశాయి. పెద్దన్న తెరిచిన నోరు మూసుకున్నాడు. మా ఆయన నా వైపు అట్లాగే చూస్తుండిపోయాడు. పెళ్లి అయిన ఇన్నేళ్లలో నేను ఆయన మాటకు వంత పాడడం అదే మొదటిసారి.

అధికారి కొంచెంసేపు మా ఆయన తువ్వాల వైపు చూశాడు. తర్వాత మున్షీని పిలిచాడు.

"పైన టబ్బులు చూసి గీత గీసేది నువ్వేనా?"

"నేనే సార్."

"ఇతను నీకు కనిపించేవాడు కదా. ఇతని చెయ్యి నువ్వు చూశావా?"

మున్షీ కిటికీ మీద నుంచి చూపు తిప్పి, మొదటిసారి మా ఆయనను చూశాడు.

"చూసిన సార్" అన్నాడు. "వేళ్లు నలిగిన దినమే చూసిన."

వకీలు నవ్వు ఆగిపోయింది. అధికారి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ మున్షీ మొదటి రోజే చూశాడంటున్నాడు. పని చేయించుకున్నది మీరు. ఒంటి చేత్తో బొగ్గు నింపే మనిషిని ముందు పెట్టుకొని, చెయ్యి పోయినట్టు మాకు తెలియదంటే ఎట్లాగండీ?"

వకీలు ఏదో అనబోయాడు. ఏమని అంటాడు? టబ్బులు ఈ మనిషివే అని పుస్తకం తెచ్చింది ఆయనే. కాదంటే ఆయన పుస్తకమే తప్పవుతుంది. అధికారి చెయ్యి పోయిన రోజు నుంచే మిత్తి కట్టాలని రాశాడు. ఆయనకు అసలు సంగతి తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిందనే నా అనుమానం.

బయటికి వచ్చాక మిత్తి ఎంత చొప్పున అని యూనియన్ పెద్దమనిషిని అడిగాను. నూటికి ఆరు అన్నాడు. నెలకా అన్నాను. ఏడాదికి అన్నాడు. నాకు మళ్లీ కోపం వచ్చింది. మా సావుకారి లెక్క కట్టి ఉంటే ఈపాటికి ఆ గుత్తేదారు పెంకుటిల్లు మాకు రాసివ్వాల్సి వచ్చేది. మా ఆయన నవ్వాడు. ఆయన అట్లా నవ్వి చాలా రోజులైంది. మున్షీ మా పక్క నుంచే పోతూ, ఆగకుండా, మా ఆయన భుజం ఒకసారి తట్టి పోయాడు.

డబ్బు చేతికి వచ్చాక మా ఆయన అందులో దసరా నుంచి హోలీ దాకా అయిన మిత్తిని వేరుగా తీసి జట్టు ముందు పెట్టాడు. అన్ని రోజులు మా ఇంటిని నడిపింది వాళ్లే కాబట్టి అది వాళ్లదే అన్నాడు.

పెద్దన్న వెనక్కి జరిగి కూర్చున్నాడు. "మిత్తి తీసుకుంటే మేం సావుకార్లమైతం గదరా. గంత పాపం మాకెందుకు? దావత్ జెయ్యి, తింటం" అన్నాడు.

దావత్ చేశాను. కోడిని కోశాం. జట్టు అంతా చాప మీద పంక్తిగా కూర్చున్నారు. మా ఆయన వడ్డిస్తానని వంకపెట్టి నిలబడ్డాడు. బోథ్ తమ్ముడు ఆయన అంగీ పట్టి లాగి తన పక్కనే కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనుకోకుండానే, ఒకరి తర్వాత ఒకరు, అందరూ ఎడమ చేత్తో తినడం మొదలుపెట్టారు. పులుసు సగం చాప మీదే పోశారు. ఆ చాపను నేను తిట్టుకుంటూ కడిగాను. కడుగుతూ ఏడ్చాను.

మిగిలిన మిత్తి తీసుకొని సిరిసిల్ల పోయాను. బర్రె కొనడానికి చాలదు, మేక కొంటే ఇంకా మిగులుతుంది. అంతే డబ్బు. దారి పొడుగునా బాపుతో ఏమేం చెప్పాలో అనుకుంటూ పోయాను. బాపు సాంచెల కార్ఖానా నుంచి అప్పుడే వచ్చి, కాళ్లు కడుక్కొని అరుగు మీద కూర్చున్నాడు. వెంట్రుకల నిండా నూలు పీచు. నేను నోట్లు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"బాపూ, గిది మిత్తి."

బాపు భయంగా చూశాడు. "ఎవలకు గట్టాలె బిడ్డా?"

"ఎవలకు గాదు. మనకే ఇచ్చిండ్రు."

ఆయన నోట్లను తిప్పి తిప్పి చూశాడు. నేను టబ్బుల సంగతి, కరీంనగర్ సంగతి అంతా చెప్పాను. తల ఊపుతూ విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"నూటికెంత?"

"ఆరు."

"నెలకా?"

"ఏడాదికి, బాపూ."

"మంచి మనిషే పాపం. తక్కువకే ఇచ్చిండు" అన్నాడు. "మళ్ల గట్టుడు ఎన్నడు?"

దారంతా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటి కూడా నాకు అక్కరకు రాలేదు. కట్టుడు లేదు బాపూ అని ఎన్ని తీర్ల చెప్పినా, సరే బిడ్డా, సరే బిడ్డా అన్నాడు. నేను అక్కడ ఉన్నన్ని రోజులు ఆ డబ్బు ముట్టుకోలేదు. తిరిగి వచ్చే రోజు బస్సు ఎక్కించడానికి వచ్చి, ధోవతి మడత విప్పి, ఆ డబ్బులో నుంచి ఒక నోటు తీసి నా గుప్పిట్లో పెట్టాడు.

"మొదటి నెల మిత్తి ఇందులనే పట్టుకొమ్మను బిడ్డా. మళ్ల మనకు మాట రావద్దు."

నేను కాదనలేదు. ఆ నోటు తీసుకొని బస్సు ఎక్కాను. తీసుకోకపోతే ఆయన ఫికరు పెట్టుకొని ఆ పూట అన్నం కూడా తినేవాడు కాదు.